హ్యాబిట్స్: నిల్

2022 మార్చి 14, సోమవారం. ఆసుపత్రి మెట్లెక్కే ముందు అమ్మ బొడ్లో ఉన్న చుట్టల డబ్బా తీయించి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఈ మాట దాచి మిగతాదంతా చెబితే నాకే నచ్చదు. పైగా రెండేళ్ల తర్వాత ఇదే మాట అఫిడవిట్‌లో రాసి సంతకం పెట్టాల్సి వచ్చింది.

మాది భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. అమ్మకు అప్పటికి 61 ఏళ్లు. ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి నన్ను చదివించింది. మా వైపు ఆడవాళ్లలో చాలామందికి అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఒడ్డున గాలికి చుట్ట ఆరిపోదని అమ్మ చెబుతుంది. చిన్నప్పుడు నాకు అది వింతగా అనిపించలేదు. కంచరపాలెం వచ్చి, ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేరాక సిగ్గుపడటం మొదలుపెట్టాను. అమ్మ మా ఇంటికి వస్తే పెరటి వైపు వెళ్లి కాల్చుకోమనేదాన్ని.

ఆ మార్చిలో అమ్మ అంగిట్లో పుండు లేచింది. "కారం తగిలితే పేణం పోతందే" అంటే తీసుకెళ్లాను. ఈఎన్‌టీ డాక్టర్ మాకు కొత్త కాదు. మా బాబు చెవిలో చీము కారుతుంటే నయం చేసింది ఆయనే. నెమ్మదిగా మాట్లాడతారు, అనవసరంగా టెస్టులు రాయరని మంచి పేరు. లోపలికి పంపే ముందు బీపీ చూసే నర్సు ఓపీ కాగితం మీద వయసు, బరువు, బీపీ రాసింది. కింద 'హ్యాబిట్స్' అన్న చోట తల ఎత్తకుండా 'నిల్', అంటే అలవాట్లేమీ లేవని, రాసేసింది. నేను చూశాను. అడగలేదు కదా, పోనీలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది.

డాక్టర్ టార్చి వేసి చూసి 'అల్సర్, హార్డ్ ప్యాలెట్, 1 సెం.మీ.' అని, అంటే అంగిలి మీద సెంటీమీటరు పుండు అని రాశారు. పూసుకోవడానికి జెల్, బీ కాంప్లెక్స్ ఇచ్చారు. ఏప్రిల్ 9న రెండోసారి వెళ్తే పుక్కిలించే మందు, ఇంకేవో మాత్రలు. మే 21న మూడోసారి, పై పళ్ల సెట్టు రాసుకుంటోంది, నెల రోజులు తీసేయమన్నారు. తీసేశాం. జూలై 9న నాలుగోసారి వెళ్లేసరికి పుండు అంచులు గట్టిపడ్డాయి. షుగర్ పరీక్ష చేయించారు. షుగర్ లేదు. "వయసు కదమ్మా, నెమ్మదిగా మానుతుంది" అన్నారు. నాలుగు ఓపీలు, మందులు, రక్తపరీక్ష కలిపి అక్కడ మాకు అయింది 9,340 రూపాయలు. ఈ అంకె తర్వాత పనికొస్తుంది.

ఆగస్టు 27న పైన మిగిలిన సొంత పళ్లు రెండు కదులుతున్నాయని మా వీధి చివర పళ్ల క్లినిక్‌కి తీసుకెళ్లాను. కొత్తగా పెట్టిన క్లినిక్. డాక్టరమ్మాయికి ముప్పై కూడా ఉండవు. నోరు తెరిపించి, లైటు దగ్గరికి లాగి, వేలితో అంగిలి తడిమి, "అమ్మా, అడ్డపొగ కాలుస్తారా?" అని అడిగింది. అమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. "ఆఁ, పద్నాలుగో ఏటి నుంచీ" అంది అమ్మ. ఆ అమ్మాయి ఇంకేం మాట్లాడలేదు, చీటీ రాసిచ్చింది. నాలుగు రోజుల్లో బయాప్సీ, అంటే పుండులో ముక్క తీసి చేసే పరీక్ష, అయింది. సెప్టెంబర్ 5న రిపోర్టు వచ్చింది: స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే క్యాన్సర్. ఆ ముక్కతో చేసిన స్లైడ్లు, బ్లాక్ తీసుకుని అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో మళ్లీ చూపించాం. అక్కడా అదే మాట. పుండు మూడున్నర సెంటీమీటర్లు, ఎముకలోకి దిగింది. స్టేజ్ 4ఏ. నాలుగు అనగానే నాకు చెవులు మూసుకుపోయాయి. అక్కడి డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు: ఇక్కడ నాలుగంటే ఒళ్లంతా పాకిందని కాదు, ఎముక దాటిందని.

మా వైపు అడ్డపొగకీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం మీద ఆంధ్ర మెడికల్ కాలేజీ డాక్టర్లు 1970లలోనే పరిశోధనలు చేసి ప్రచురించారని ఆ తర్వాతే తెలిసింది. విశాఖలో ప్రాక్టీసు చేసే ఈఎన్‌టీ డాక్టర్‌కి తెలియని సంగతి కాదు. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. అసలు నేనూ ఎవరినీ అడగలేదు.

అక్టోబర్ 11న ఆపరేషన్. పై దవడలో ఎడమవైపు సగం తీసేశారు. నవంబర్ 21 నుంచి డిసెంబర్ 30 దాకా శని, ఆదివారాలు పోను ముప్పై సిట్టింగుల రేడియేషన్. ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. ఒక్క సంగతి మాత్రం చెబుతాను, ఎందుకంటే తర్వాత కేసులో అది ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాం. అంగిట్లో రంధ్రం మూయడానికి ఆబ్చురేటర్ అని గులాబీ రంగు ప్లాస్టిక్ ప్లేటు ఒకటి ఇస్తారు. అది లేకుండా టీ తాగితే ముక్కులోంచి వస్తుంది. మాటంతా ముక్కులోకి పోతుంది. 'బ' అంటే 'మ' అని, 'ద' అంటే 'న' అని వినిపిస్తుంది. మొదటిసారి ప్లేటు లేకుండా మా బాబుని "బాబూ" అని పిలిస్తే "మామూ" అని వినిపించి వాడు పకపకా నవ్వాడు. అమ్మ మొహం చూసి ఆపేశాడు. రాత్రి పడుకునే ముందు ప్లేటు తీసి స్టీలు గిన్నెలో నీళ్లలో వేస్తుంది. మళ్లీ తెల్లారి పెట్టుకునేదాకా మాట్లాడదు. రేడియేషన్ తర్వాత నోరు లోపల ముడుచుకుపోయి ప్లేటు రెండుసార్లు మార్చాలి. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది, ప్లేట్ల డబ్బులు మాత్రం మేమే పెట్టుకున్నాం.

కేసు వేయాలన్న ఆలోచన నాది కాదు, మా ఆయనది. నాకు ధైర్యం లేదు. చుట్టల డబ్బా గుర్తొచ్చేది. మా తమ్ముడు పోలీస్ కంప్లైంట్ ఇద్దాం అన్నాడు. 2023 జూన్‌లో, స్కూలు సెలవుల్లో, తెలిసినవాళ్ల ద్వారా ఒక లాయర్ మేడమ్ దగ్గరికి వెళ్లాం. ఆమె మొదటి పావుగంట ఏమీ మాట్లాడకుండా కాగితాలు తిరగేశారు. తర్వాత పోలీసుల సంగతి ఒక్క మాటలో తేల్చేశారు. డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలబడాలంటే తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలి, ముందు ఇంకో డాక్టర్ అభిప్రాయం కావాలి, 2005లోనే సుప్రీంకోర్టు అలా చెప్పిందన్నారు. మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు, వాళ్లు హెచ్చరించగలరు, కొంతకాలం రిజిస్టర్‌లో పేరు తీసేయగలరు, కానీ మీకు పైసా ఇప్పించలేరు. మిగిలింది కన్స్యూమర్ కమిషన్. 1995 నుంచి డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికే వస్తుంది. "మీరు సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లి ఉంటే ఈ దారి ఉండేది కాదు, అక్కడ అందరికీ ఉచితం కదా. ఓపీకి అయిదు వందలు కట్టారు చూడండి, ఆ రసీదే మీకు తలుపు" అన్నారు.

గడువు రెండేళ్లు. నేను క్యాన్సర్ రిపోర్టు వచ్చిన రోజు నుంచి లెక్కేసుకుంటున్నాను. మేడమ్ ఒప్పుకోలేదు. అవతలివాళ్లు ఆఖరి ఓపీ నుంచే లెక్క వేస్తారు, మనమూ అలాగే వేసుకుందాం అన్నారు. అంటే 2024 జూలై 9 లోపు. ఏడాది పైనే ఉందని నేను స్థిమితపడితే, కాగితాలు పోగుచేయడానికే ఆరు నెలలు పోతాయన్నారు. ఎనిమిది నెలలు పట్టింది.

మన దగ్గర ఓపీ చీటీలు ఆసుపత్రిలో ఉండవు, మన చేతిలోనే ఉంటాయి. అమ్మ వాటిని బియ్యం డబ్బా మీద పాత క్యాలెండర్‌లో మడిచి పెట్టింది. మూడే దొరికాయి. మే 21 చీటీ లేదు. పళ్ల సెట్టు తీసేయమన్నది ఆ రోజే. దాని కోసం ఇల్లంతా వెతికాను, ఊళ్లో అటక దించాను. చివరికి దారి చూపింది మందుల షాపు బిల్లు. దాని మీద డాక్టర్ పేరు, తేదీ ఉన్నాయి. కానీ అది మెరిసే కాగితం మీద ప్రింటయ్యే రకం, ఏడాదికి తెల్లగా అయిపోయింది. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే తేదీలో 21 మాత్రం కనిపించింది. షాపతను మంచివాడు, కంప్యూటర్లో వెతికి ఇంకో ప్రింట్ తీసి స్టాంపు వేసిచ్చాడు. ఆసుపత్రి బిల్లులు వచ్చినరోజే జిరాక్స్ తీయించి పెట్టుకోవాలని అప్పటిదాకా ఎవరు చెప్పినా వినేదాన్ని కాదేమో.

ఆసుపత్రిని రికార్డులు అడిగాం. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. జూన్ 19న అర్జీ ఇచ్చాను. కౌంటర్ దగ్గర అమ్మాయి తీసుకుంది కానీ అందినట్టు సంతకం పెట్టనంది. "మేనేజర్ సార్ లేరు మేడమ్." అదే కాగితం ఆ సాయంత్రమే రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. రెండో ఉత్తరం తర్వాత, 24వ రోజున, ఓపీ రిజిస్టర్ నకలు ఇచ్చారు. అందులో నాలుగు తేదీలూ ఉన్నాయి. మే 21తో సహా.

అక్టోబర్ 16న లీగల్ నోటీసు. నవంబర్ 20న జవాబు, అదీ ఒక ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ నుంచి. డాక్టర్లు ఇలాంటి కేసుల కోసం ముందే పాలసీ తీసుకుంటారని అప్పుడు తెలిసింది. డిసెంబర్‌లో మా పెదనాన్న గారి అల్లుడు ఫోన్ చేశాడు. ఆసుపత్రిలో ఎవరో తనకు తెలుసట. లక్షన్నర ఇస్తారట, తప్పేమీ లేదని కాగితం మీద వేలిముద్ర వేస్తే చాలట. "అక్కా, కోర్టుల చుట్టూ ఏం తిరుగుతావు, ఆయన మంచి డాక్టర్" అన్నాడు. నాకూ అదే అనిపించింది ఒక రాత్రంతా. స్కూల్లో నా జీతానికి లక్షన్నర చిన్న మొత్తం కాదు. అమ్మని అడిగాను. ప్లేటు పెట్టుకుని వచ్చి కూర్చుని, "తప్పు లేనోడు డబ్బులేటికి ఇత్తాడే?" అంది. అక్కడితో ఆ బేరం అయిపోయింది.

2024 ఫిబ్రవరి 12న ఫిర్యాదు వేశాం. మేం అడిగింది 15 లక్షలు. ఫీజు ఎంతో అనుకుని డబ్బు తీసుకెళ్లాను. ఫీజే లేదు. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక కేసు ఏ కమిషన్‌కి వెళ్లాలన్నదీ, ఫీజు ఎంతన్నదీ మనం అడిగిన పరిహారాన్ని బట్టి కాదు, ఆ సేవకు మనం కట్టిన డబ్బుని బట్టే. అయిదు లక్షల లోపు కట్టినవాళ్లకు ఫీజు లేదు. మేం కట్టింది 9,340. జిరాక్స్‌కి మాత్రం తడిసి మోపెడయింది: డాక్టర్, ఆసుపత్రి, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గురికి మూడు సెట్లు, బెంచికి మూడు, మాకొకటి, మేడమ్‌కి ఒకటి. ఒక్కో సెట్టు 140 పేజీలు. మేడమ్ ఫీజు 45,000, మూడు విడతల్లో.

అఫిడవిట్ రాసిన రోజు గుర్తుండిపోయింది. నా అఫిడవిట్‌లో చుట్టల డబ్బా సంగతి రాయాలా వద్దా అని అడిగాను. మేడమ్ పెన్ను కింద పెట్టారు. "మీరు రాయకపోతే వాళ్లు రాస్తారు. వాళ్లు రాసింది చూసి మీరు జవాబు చెప్పుకోవాలి. ఏది నయం?" రాశాను. 'నా తల్లి అలవాటు గురించి నర్సు మమ్మల్ని అడగలేదు. నిల్ అని రాయడం నేను చూశాను, సరిచేయలేదు.' ఇంగ్లీషులో ఆ రెండు వాక్యాలు చదువుకుంటుంటే ఇంకెవరో చేసిన పనిలా ఉంది. అమ్మది వేలిముద్ర కాబట్టి, తెలుగులో చదివి వినిపించాం, అర్థమయిందని చెప్పింది అని కింద విడిగా రాయాలి. ఆ వాక్యం లేదని నోటరీ దగ్గర ఒకసారి వెనక్కి తిప్పారు, ఇంకో రోజు స్కూల్లో సెలవు.

వాళ్లు కౌంటరు, అంటే మా ఫిర్యాదుకి జవాబు, వేయడానికి 30 రోజులు, అడిగితే ఇంకో 15. మొత్తం 45 దాటితే తీసుకోరు. సరిగ్గా 44వ రోజున వేశారు. అది చదివినప్పుడు నాకు చెమటలు పట్టాయి. అందులో నాలుగు మాటలున్నాయి. రోగి అలవాటు దాచింది, 'నిల్' అని రాసి ఉంది చూడండి. డాక్టర్ బయటి నుంచి వచ్చి చూసే విజిటింగ్ కన్సల్టెంట్, ఆసుపత్రికి సంబంధం లేదు. అంగిలి చర్మం పలచన, కింద వెంటనే ఎముక, కాబట్టి మార్చిలోనే ఎముకలోకి దిగి ఉండొచ్చు, నాలుగు నెలలు తేడా చేయలేదు. పెద్ద ఆపరేషన్ ప్రభుత్వ పథకంలో ఉచితంగా అయింది, నష్టం ఎక్కడ? మొదటిది నాకు గుచ్చుకుంది. మేడమ్‌కి మాత్రం మూడోదే భయం. "మిగతావి చూసుకోవచ్చు. క్యాన్సర్ డాక్టర్ వల్ల రాలేదు కదండీ. ఆలస్యం వల్ల ఏం పోయిందన్నదే మనం చూపించాలి" అన్నారు. దానికి మా దగ్గర ఉన్నదల్లా డాక్టర్ స్వయంగా రాసిన '1 సెం.మీ.', టాటా ఆసుపత్రి రిపోర్టులోని మూడున్నర. ఆయన కొలిచి రాయకపోయి ఉంటే మా కేసు లేదు. శ్రద్ధగా రాసిన ముక్కే ఆయన మీదికి వచ్చింది. ఆలోచిస్తే నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉంది. మాకు పట్టింది పందొమ్మిది నెలలు, 23 వాయిదాలు. సభ్యులు లేక కోరం లేదని కొన్ని, అవతలి లాయర్‌కి ఒంట్లో బాగాలేదని కొన్ని, మా మేడమ్ కూతురి పెళ్లికి ఒకటి. వాయిదా అంటే ఉదయం పదిన్నరకి వెళ్లి, గోడ మీద అంటించిన జాబితాలో నంబరు చూసుకుని, బల్ల మీద కూర్చోవడమే. పేరు పిలిచిన రెండు నిమిషాల్లో అయిపోతుంది. అన్నింటికీ మనం వెళ్లక్కర్లేదు, లాయర్ ఉంటే చాలు. మొదటి ఆరింటికి తెలియక స్కూలు మానేసి వెళ్లి జీతం పోగొట్టుకున్నాను. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్ వచ్చింది, తర్వాతి వాయిదా ఫోన్‌లోనే చూసుకునేదాన్ని.

ఒక వాయిదాకి డాక్టర్ వచ్చారు. వరండాలో ఎదురుపడ్డాం. నేను అలవాటు కొద్దీ "నమస్తే సార్" అనేశాను. ఆయనా "బాబు చెవి ఎలా ఉందమ్మా?" అన్నారు. తర్వాత ఇద్దరం చెరో వైపు చూస్తూ నిలబడ్డాం. జుట్టు బాగా నెరిసింది. ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, "నువ్వు ఎవరి పక్షమే?" అని కోప్పడ్డాడు.

సాక్ష్యమంతా అఫిడవిట్ల మీదే నడుస్తుంది, బోను, అరుపులు ఏమీ ఉండవు. ప్రశ్నలు కూడా కాగితం మీద రాసిస్తారు, జవాబులు కాగితం మీదే వస్తాయి. అమ్మ చివరిదాకా ఒక్క మాటయినా మాట్లాడకుండానే కేసు అయిపోతుందనుకున్నాను. 2024 సెప్టెంబర్‌లో ఒక వాయిదాకి తనే వస్తానంది, చూద్దామని. బెంచి మీద అధ్యక్షుల వారు కాగితాలు తిప్పుతూ తలెత్తి, "ఈవిడేనా?" అని, తెలుగులో అమ్మనే అడిగారు: "చుట్ట కాలుస్తారని డాక్టర్ గారికి ఎందుకు చెప్పలేదమ్మా?" అమ్మ లేచింది. నోటికి చేయి అడ్డం పెట్టుకోవడం అలవాటు, ఆ రోజు పెట్టుకోలేదు. "అడగనేదు బాబూ. అడిగితే సెప్పకపోదునా? ఆ పళ్ల డాకటరు గుంట అడిగింది, సెప్పినాను." ఆ మాటలు ముక్కులోంచి ఎలా వస్తున్నాయో అందరూ విన్నారు. అవతలి లాయర్ కాగితాలు సర్దుకున్నాడు. అది రికార్డులోకి ఎక్కలేదని తర్వాత మేడమ్ చెప్పారు. ఎక్కకపోయినా సరే అనుకున్నాను.

అన్నిటికంటే ఎక్కువ ఆలస్యం నిపుణుల అభిప్రాయం దగ్గర. ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కర్లేదని 2010లో హైదరాబాద్ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు చెప్పిందని మేడమ్ వాదించారు. అయినా మాది స్టేజీల లెక్క కాబట్టి కమిషన్ ప్రభుత్వ డాక్టర్ల కమిటీకి పంపింది. అంతకుముందు మేమే ఊళ్లో ఇద్దరు డాక్టర్లను అడిగాం. ఒకాయన ఫైలు మొత్తం చదివి, తప్పేనని నోటితో చెప్పి, "రాసివ్వమని మాత్రం అడగొద్దమ్మా, రోజూ మొహాలు చూసుకోవాలి" అన్నారు. కమిటీకి 2024 అక్టోబర్‌లో పంపిన ఫైలు 2025 ఏప్రిల్‌లో తిరిగొచ్చింది. ఒకటిన్నర పేజీ. రెండు మూడు వారాల్లో మానని పుండుకి బయాప్సీ చేయించాలి, అలవాట్లున్నా లేకపోయినా. చేయించకపోవడం సరికాదు. అయితే ఆ ఆలస్యం వల్ల ఎంత దవడ పోయిందో కచ్చితంగా చెప్పలేం. మా పక్షం వాళ్లూ, వాళ్ల పక్షం వాళ్లూ అదే కాగితం పట్టుకుని జూలైలో వాదించారు.

సెప్టెంబర్ 12న ఆర్డరు. మేడమ్ ఫోన్ చేసినప్పుడు నేను ఏడో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. డాక్టర్, ఆసుపత్రి కలిసి ఆరు లక్షలు ఇవ్వాలి, ఫిర్యాదు వేసిన తేదీ నుంచి ఏడు శాతం వడ్డీతో. ఖర్చుల కింద 15,000. కన్సల్టెంట్ అయినా బిల్లు ఆసుపత్రి పేరు మీద ఉంది కాబట్టి ఆసుపత్రికీ బాధ్యత ఉందన్నారు. మొదటి ఓపీని తప్పు పట్టలేదు, రెండోదీ పట్టలేదు. మే 21కి పుండు పుట్టి పది వారాలు, ఆ రోజు బయాప్సీకి పంపకపోవడమే నిర్లక్ష్యం అన్నారు. నేను ఇల్లంతా వెతికిన చీటీ తేదీ అది. 'నిల్' గురించి ఒక పేరా ఉంది. రోగి తరఫువారు చెప్పకపోవడమూ నిజమే, పరిహారం తగ్గించడంలో దాన్ని లెక్కలోకి తీసుకున్నాం అని. ఆ పేరా నేను మా ఆయనకు చదివి వినిపించలేదు. తర్వాత తనే చదువుకున్నాడు, ఏమీ అనలేదు.

ఆటో ఖర్చులు నేను పాత స్కూలు డైరీలో తేదీల వారీగా రాసిపెట్టాను, 61,000 తేలింది. రసీదులు లేవని విడిగా ఇవ్వలేదు. ప్లేట్ల బిల్లులు మాత్రం రూపాయితో సహా లెక్కలోకి తీసుకున్నారు.

అప్పీలుకి 45 రోజులు. వాళ్లు అక్టోబర్ చివర్లో విజయవాడలో రాష్ట్ర కమిషన్‌కి వెళ్లారు. వెళ్లాలంటే ఆర్డరులోని మొత్తంలో సగం అక్కడ జమ చేయాలి, చేశారు. ఆ సగం ఇప్పుడే మా చేతికి రాదు. మొదటి వాయిదా ఫిబ్రవరిలో ఉంది. మేడమ్ ఇంకో 20,000 అడిగారు, రెండు విడతల్లో ఇస్తానన్నాను.

మొన్న ఆదివారం ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. ప్లేటు పెట్టుకునే మాట్లాడింది. ఎండు చేపల పందిరి దగ్గర అమ్మే మా చిన్నమ్మ చేత నోరు తెరిపించి సెల్లు లైటు వేసి చూసిందట. "అంగిట్లో తెల్లగా మచ్చలాగుందే. రెండు నెల్లయిందంట, సెప్పనేదు. బేగి తీసుకొచ్చీమంటావా?" శనివారం తీసుకురమ్మన్నాను. పళ్ల డాక్టరమ్మాయికి ఫోన్ చేసి పదకొండింటికి టైమ్ తీసుకున్నాను. పిన్నితో చెప్పు, చుట్టల డబ్బా బొడ్లోనే ఉంచుకుని రమ్మను అన్నాను.